బోర్లించిన గ్లాసు

పెదజాలారిపేట, విశాఖపట్నం
జూన్ 19

అమ్మా సూర్యకళా,

నాను బాగున్నాను. గుంట అనూ బాగుంది. నువ్వు మంచం దిగకు. డాక్టరమ్మ ఏటి సెప్పిందో అదే సెయ్యి, మీ అమ్మ సెప్పింది సెయ్యకు. అది నా సొంత సెల్లెలే, దాని వైద్యం నాకు తెలుసు.

ఉత్తరమేటి, ఫోను లేదా అని తల్లీకూతుళ్లు నవ్వకండి. ఇరవై ఏళ్లు ఇంజను పక్కన కూకున్నోణ్ని. సెవులు ఇంజను తినీసింది. ఎదురుగా మనిషుంటే పెదాలు సూసి పోల్చుకుంటాను గాని, ఫోనులో గుయ్యిమని మోత తప్ప ఏటీ వినబడదు. మూడో తరగతి సదివాను, అది ఇన్నాళ్లకి పనికొచ్చింది. సిట్టమ్మ గురువారం గురువారం ఎండుసేపలు పట్టుకొని భీమిలి వత్తాది కదా, దాని తట్టలో పెడతన్నాను. కంపు కొడితే అది సేపల కంపు, నాది కాదు.

మావోడు వీరేంద్ర పదిహేనో తారీకున బోటెక్కాడు. రెండు నెల్లు వేట బందు కదా, కుర్రోళ్లందరూ పెళ్లికెళ్లినట్టు ఎల్లారు. రెండు వారాల్లో వత్తాడు.

నువ్వు గోడకి అంటించి ఎల్లిన బొమ్మల కాయితం సూసాను. సూర్యుడు, బ్రెస్సు, సెంబు, దువ్వెన, కంచం, గ్లాసు, అంగన్‌వాడీ, సాప, దీపం. తొమ్మిది బొమ్మలు. నాను సరంగుగా బోటు నడిపినప్పుడు నా కింద తొమ్మిదిమంది కళాసీలుండీవోరు. ఒక్కడికీ బొమ్మ గియ్యలేదు. ఒక్క కేకేత్తే లేచీవోరు. నాలుగున్నరేళ్ల గుంట నాకేపాటి అనుకున్నాను.

మూడు రోజులయింది. నోరు తెరవదు. పళ్లు తోముకోవే అంటే, "అమ్మ వచ్చాక తోముకుంటాను" అంటాది. అమ్మ కార్తీకమాసానికి గాని రాదే అంటే, "అయితే అప్పుడే" అంటాది. జుట్టు దువ్వబోతే పీత లాగ అడ్డంగా పరిగెడతాది. అన్నం పెడితే సగం కాకులకి. సాప మీద కూకొని నన్నే సూత్తాది, నాను దాని కళాసీనైనట్టు.

ఓడిపోయానని రాయడం లేదు. సూత్తాను.

ఇట్లు, మీ మావ అర్జునరావు
సంతకం నాదే. వేలిముద్ర కాదు.

*

భీమునిపట్నం
జూన్ 26

మావయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "మా అన్న జడ వేస్తే అది జడ అవదు, లంగరు మోకు అవుతుంది" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నన్ను నవ్వొద్దన్నారు కాబట్టి నేను నవ్వలేదు.

అనూని కేకలెయ్యకండి మావయ్యా. ఆ బొమ్మల కాగితం అలంకారానికి అంటించింది కాదు. పొద్దున్న లేవగానే దాన్ని ఎత్తుకుని ఆ గోడ దగ్గరకి తీసుకెళ్లండి. మొదట ఏంటో, తర్వాత ఏంటో దాని చేతే చెప్పించండి. మీరూ పక్కన నిలబడి తోముకోండి, మీ వేపపుల్లతోనే. ఒక పని అయ్యాక ఆ బొమ్మ పక్కన ఒక బొట్టుబిళ్ల అంటించనివ్వండి. బొట్టుబిళ్లలు అద్దం వెనకాల ఉన్నాయి. రోజూ అదే వరస. వరస తెలిస్తే పిల్లకి భయం ఉండదు. నేను లేనని కాదు అది మొండికేసేది, తర్వాత ఏం జరుగుతుందో తెలియక.

నాకూ ఇక్కడ అంతే. పోయినేడాది ఐదో నెలలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఇప్పుడు ఐదు దాటుతోంది. లోపల కదిలితే భయం, కదలకపోతే ఇంకా భయం. పడుకుని దూలాలు చూస్తున్నాను.

ఆదివారం చిట్టమ్మ ఫోన్‌కి చేసి అనూతో మాట్లాడతాను. అది మాట్లాడుతున్నప్పుడు మీరు దాని మొహం చూసి ఎలా ఉందో నాకు రాయండి.

మీ
సూర్యకళ

*

పెదజాలారిపేట
జూలై 17

సూర్యకళా,

గెలిసాను.

నీ బొట్టుబిళ్లలు రెండ్రోజులు సూసాను. బిళ్లలన్నీ మేకపిల్ల నుదుటికి అంటించింది. అప్పుడు నా పద్ధతిలో నాను దిగాను. ఎదురుగా కూకోబెట్టి ఒకటే మాట సెప్పాను. "అనూ, నువ్వు పళ్లు తోముకోకపోతే సంద్రంలో నాన్న బోటు ఇంజను ఆగిపోద్ది."

అంతే. బ్రెస్సు దానంతటదే తెచ్చుకుంది.

ఆ తరవాత ఒక్కోటీ కట్టుకొచ్చాను. మెతుకు వదిలితే నాన్న వలలో సేప పడదు. సాప మడతెట్టకపోతే బోటు ఇంటివేపు తిరగదు. జుట్టు ఇరబోసుకొని గుమ్మం దాటితే గాలి తిరగబడతాది. ఇవన్నీ నాను కల్పించినవి, ఒప్పుకుంటాను. ఒకటి మాత్రం కల్పించింది కాదు. మగోడు నీళ్ల మీద ఉన్నన్నాళ్లు ఇంట్లో కుండ గాని, గిన్నె గాని, గ్లాసు గాని బోర్లించకూడదు. ఇంట్లో గిన్నె బోర్లాపడితే సంద్రంలో పడవ బోర్లాపడతాది. మా అమ్మ సెప్పింది, మా అమ్మకి వాళ్లమ్మ సెప్పింది. అదీ సెప్పాను. ఇప్పుడు గుంట పాలు తాగి, గ్లాసు కడిగి, నోరు పైకి పెట్టి, రెండుసార్లు ఎనక్కి తిరిగి సూసి మరీ ఎల్తాది.

వీరేంద్ర రెండో తారీకున వచ్చాడు. మంచి వేట. అయిదో రోజుకి మళ్లీ ఎల్లాడు. వాడొచ్చిన పొద్దున్న గుంట వాడి మెడ పట్టుకొని నా కేసి తిరిగి అడిగింది. "తాతా, నాన్నని నానే తెచ్చినాను కదా?"

"నువ్వేనే" అన్నాను.

అంగన్‌వాడీ టీచరు కూడా అడిగింది, పిల్ల ఇంత బుద్ధిగా ఎలగ మారిపోయిందండీ అని. సెప్పలేదు. నా పద్ధతి నాది.

నీ మావ అర్జునరావు

*

భీమునిపట్నం
జూలై 24

మావయ్యా,

ఉత్తరం చదివాను. అమ్మకి వినిపించలేదు.

అనూ పనులు చేసుకుంటోందంటే సంతోషమే. కానీ ఆదివారం ఫోన్‌లో అది నన్నేం అడిగిందో మీకు వినబడి ఉండదు. "అమ్మా, భీమిలిలో నువ్వు గ్లాసులు ఎలగ పెడతన్నావ్?" అని అడిగింది. నేను పెట్టడం లేదు తల్లీ, అమ్మమ్మ పెడుతుంది అంటే, "అమ్మమ్మకి సెప్పు, బోర్లించొద్దని సెప్పు, మర్సిపోకు" అని ఏడుపు గొంతుతో మూడుసార్లు అంది. నాలుగున్నరేళ్ల పిల్ల మావయ్యా.

దానికి నేను చెప్పాను. గ్లాసు కడిగాక బోర్లించాలి, లేకపోతే బొద్దింకలు తిరుగుతాయి, నీళ్లు నిలిచి వాసనొస్తుంది, బోర్లిస్తే ఏమీ అవదు అని చెప్పాను. మీరూ అదే చెప్పండి. మిగతావన్నీ పోనివ్వండి, నేను వచ్చాక నెమ్మదిగా మాన్పిస్తాను. గిన్నెల మాట మాత్రం దాని చెవిన వెయ్యకండి. ఎందుకని అడక్కండి. కోడలిగా కాదు, మీ మేనకోడలిగా అడుగుతున్నాను.

బీపీ కొంచెం ఎక్కువుందన్నారు. మాత్ర మార్చారు.

సూర్యకళ

*

పెదజాలారిపేట
ఆగస్టు 7

సూర్యకళకి,

కోపంగా రాత్తన్నాను. తెలిసే రాత్తన్నాను.

ఇంట్లో ఒకరు అవునంటే ఒకరు కాదంటే గుంట ఎవులి మాట వింటాది? సుక్కాని ఇద్దరు పడితే బోటు ఎటెల్తాది? దాన్ని నాకు అప్పగించి ఎల్లావు, అప్పగించాక నోరు పెట్టకూడదు. బొద్దింకలంట. బొద్దింకలు నాను సంపుతాను.

నువ్వు ఇంటరు సదివావు, నాను మూడు. అయినా నాకు తెలిసింది నాకు తెలుసు. నీకు గుర్తుండదు, అప్పుడు నీకు ఆరేళ్లు. మీ నాన్న తాతబాబు సంద్రంలో పోయిన రోజు నాను తడిబట్టల్తో మీ ఇంటికొచ్చేసరికి మీ పెరట్లో కుండ బోర్లించి ఉంది. నా కళ్లతో నాను సూసాను. తండ్రిని అలగ పోగొట్టుకున్నదానివి, నువ్వే నా మనవరాలికి బోర్లించమని సెప్తావా? మొగుడు సంద్రంలో ఉండగా?

గుంటకి మళ్లీ గట్టిగా సెప్పాను. అది నీ మాటా విన్నాది, నా మాటా విన్నాది. బొమ్మల కాయితం కేసి సూత్తా కూకుంది.

వీరేంద్ర రెండో తారీకున మళ్లీ ఎల్లాడు. పదారుకి వత్తాడు. ఆడొచ్చాక ఆడితోనే సెప్పించు, నాకు సెప్పకు.

అర్జునరావు

*

పెదజాలారిపేట
ఆగస్టు 20

అమ్మా సూర్యకళా,

ఎలగున్నావు? మాత్రలేసుకుంటన్నావా? కాళ్ల వాపు తగ్గిందా? మీ అమ్మని ఉప్పు తగ్గించమను.

ఇక్కడ అంతా మామూలే. వాన పడతన్నాది. బోటు రెండ్రోజులు లేటు. సేప ఎక్కువ పడితే అలగే ఉండిపోతారు, నీకు తెలియనిదేటి. గుంటకి కొంచెం ఒళ్లు ఎచ్చగా ఉంది. తిండి తక్కువ తింటన్నాది. తగ్గిపోద్ది.

పోయిన ఉత్తరంలో ఏవో రాసాను. మనసులో పెట్టుకోకు.

మీ మావ

*

భీమునిపట్నం
ఆగస్టు 21, గురువారం

మావయ్యా,

చిట్టమ్మ మా అరుగు మీదే ఉంది. నేను రాయడం అయ్యేదాకా కదలొద్దన్నాను. తట్ట దించుతూనే అది నా మొహం చూడలేదు. ఎప్పుడూ గుమ్మంలోంచే అరుస్తూ వచ్చే మనిషి, ఇవాళ "బాగున్నావా అమ్మా" అని నెమ్మదిగా అంది. అప్పుడే తారీకులు లెక్కపెట్టాను.

పదహారున రావాల్సిన బోటు. ఇవాళ ఇరవై ఒకటి. మీరు రెండ్రోజులని రాశారు. మీరు మూడో తరగతే చదివినా తారీకులు తప్పుగా లెక్కపెట్టే మనిషి కాదు.

నాకు బీపీ పెరుగుతుందని దాస్తున్నారు. తెలియకపోతేనే ఎక్కువ పెరుగుతోంది. బావ ఎక్కడ? బోటు సంగతి ఏం తెలిసింది, ఏం తెలియలేదు, ఉన్నదున్నట్టు రాయండి. అనూకి ఏం జ్వరం? డాక్టరుకి చూపించారా? ఆదివారం ఫోన్ చేస్తే అది మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినబడింది.

ఇప్పుడే రాసి చిట్టమ్మకిచ్చి రేపే పంపండి. దాని బస్సు ఖర్చు నేనిస్తానని చెప్పాను.

సూర్యకళ

*

పెదజాలారిపేట
ఆగస్టు 22

సూర్యకళా,

ఉన్నదున్నట్టు రాత్తన్నాను. మీ అమ్మని పక్కన కూకోబెట్టుకొని సదువు.

ఏడు బోట్లు కలిసి ఎల్లాయి. ఆరు వచ్చీసాయి. పదమూడో తారీకున గాలి మారితే అందరూ ఎనక్కి తిరిగారంట. ఆ సాయంత్రం దాకా మనోళ్ల బోటు కనిపించిందంట, వైర్‌లెస్‌లో మాటాడారంట. తెల్లారేసరికి లేదు. వైర్‌లెస్ పలకడం లేదు. ఎతికే ఓడలకి కబురెల్లింది. రోజూ తెల్లారి హార్బరుకెల్లి జట్టీ సివర నిలబడతన్నాను. ఎవులైనా నాకు మాట సెప్పడానికొత్తే ముందు ఆడి పెదాలు సూత్తన్నాను. ఇంతవరకు ఎవులి పెదాల మీదా ఆడి పేరు రాలేదు. మంచీ రాలేదు, సెడ్డా రాలేదు.

గుంటకి జ్వరం లేదు. అబద్ధం రాసాను.

ఆరు బోట్లు వచ్చిన పొద్దున్న నాతో జట్టీకొచ్చింది. నాన్న దిగకపోతే ఏడవలేదు. ఇంటికొచ్చి పాలు తాగే గ్లాసు నిండా నీళ్లు పట్టి, గుమ్మంలో కూకొని, ఒళ్లో పెట్టుకుంది. రెండు సేతుల్తో. అప్పట్నించి వదలడం లేదు. ఎవులైనా తగిలితే పడిపోద్దని గోడకి సేరబడి కూకుంటాది. కూకునే కునుకు తీత్తాది. అన్నం పెడితే తినదు, తింటే సెయ్యి వదలాలి కదా. నోట్లో పెడితే ఊసీసింది, పాలు పడితే నాలుగు గుక్కలు తాగుతాది. పళ్లు తోమడానికి మాత్రం ఒంటి సేత్తో తోముతాది, రోజుకి నాలుగైదుసార్లు. సిగుళ్లంట నెత్తురొచ్చింది.

నిన్న సెప్పింది. నువ్వు బోర్లించమన్నావని, నాను వద్దన్నానని, ఏది నిజమో సూడ్డానికి బోట్లు రాకముందు ఓ పొద్దున్న నీళ్ల డ్రమ్ము ఎనకాల గ్లాసు బోర్లించిందంట. ఒక్కసారే అంట. మళ్లీ వెంటనే తీసీసిందంట. నా గెడ్డం పట్టుకొని, నా మొహం తన కేసి తిప్పుకొని సెప్పింది, నాకు వినబడాలని.

"నానే నాన్నని ముంచీసినాను తాతా. ఎవులికీ సెప్పకు."

నాకు ఏటి సెయ్యాలో తెలీడం లేదు. కొట్టాలా, ముద్దెట్టుకోవాలా. నీ మీద కోపం కూడా వచ్చింది, అదీ రాత్తన్నాను. నువ్వు సెప్పకపోతే అది బోర్లించీది కాదు కదా అని.

అర్జునరావు

*

భీమునిపట్నం
ఆగస్టు 23

మావయ్యా,

అమ్మ పక్కన లేదు. గంగమ్మ తల్లి గుడికి వెళ్లింది. ఈ ఉత్తరం అమ్మకి తెలియకుండా రాస్తున్నాను.

మీ కోపం మీరు రాశారు. నాది నేను రాస్తాను.

మా నాన్న పోయిన రోజు పెరట్లో కుండ బోర్లించి ఉందన్నారు. నాకు గుర్తుండదన్నారు. నాకు గుర్తుంది. బోర్లించింది నేనే.

ఆ నెలే నన్ను బడిలో వేశారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెద్ద పిల్లలు కంచాలు కడిగి గట్టు మీద వరసగా బోర్లించేవాళ్లు. నాకది ఎంతో బాగుండేది. ఆ రోజు బడి లేదు. అమ్మ నీళ్లకెళితే, అమ్మ వచ్చి మెచ్చుకుంటుందని కుండ తోమి, బడిలో లాగే బోర్లించాను. అప్పుడు మీరు వచ్చారు. ఒళ్లంతా ఇసక, మోచేతి నుంచి రక్తం. మీరు నాన్న పేరు చెప్పలేదు, అమ్మ పేరు పిలవలేదు. కుండ చూశారు. "ఎవులు బోర్లించారీ కుండ?" అని అరిచారు. ఆ అరుపుకి వీధంతా వచ్చింది. ఆ తర్వాత నాన్న సంగతి చెప్పారు.

నేను చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మ తనే మర్చిపోయి బోర్లించానేమో అనుకుని ఎన్నేళ్లు ఏడ్చిందో నాకు తెలుసు. పక్కనే పడుకుని వినేదాన్ని, నేనే అని చెప్పలేక. మీ ఇంటికి కోడలిగా వచ్చాక బావ బోటెక్కిన ప్రతిసారీ మీరు చూడకుండా గిన్నెలన్నీ బోర్లించేదాన్ని. ఏమీ అవదని నాకు నేను చూపించుకోవడానికి. బావ తిరిగొచ్చేదాకా నాకు అన్నం దిగేది కాదు. పోయినేడాది కడుపు పోయినప్పుడు కూడా నాకు మొదట గుర్తొచ్చింది కుండే.

ఇరవై రెండేళ్లు మావయ్యా. అనూకి నాలుగున్నర.

బావ ఎక్కడున్నాడో మన చేతిలో లేదు. అనూ మీ చేతిలో ఉంది. బావ వస్తే అప్పుడు చెబుదాంలే అనుకోకండి. వచ్చాక చెబితే అది నమ్మదు, గ్లాసు పట్టుకుని కూర్చున్నందుకే వచ్చాడనుకుంటుంది. రాకపోతే ఇక ఎప్పటికీ నమ్మదు. ఇప్పుడే చెయ్యాలి. బోటు రాకముందే. మీ చేత్తో. అది మీరు చెప్పిందే నమ్మింది కాబట్టి, మీరు తీసేస్తేనే పోతుంది.

మీకు భయమని నాకు తెలుసు. నాకూ భయమే.

సూర్యకళ

*

పెదజాలారిపేట
ఆగస్టు 25

సూర్యకళా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. నిన్న పొద్దున్న జట్టీకెల్లలేదు. అది సదివాక గుంటని దాటి ఎల్లలేకపోయాను.

గుమ్మంలో దాని పక్కనే కూకున్నాను. "అనూ, తాత అబద్ధమాడాడే" అన్నాను. ఈ వయసుదాకా ఆ మాట ఎవులి ముందూ అన్లేదు.

అది నన్ను సూసింది. "ఏది అబద్ధం? పళ్లా?"

"పళ్లు తోముకోవడం నిజమే. తోముకోకపోతే పుచ్చిపోతాయి. ఇంజను సంగతి అబద్ధం."

"సాప?"

"సాప మడతెడితే ఇల్లు ఇరుకుగా ఉండదు. అంతే. బోటుకీ సాపకీ ఏటీ లేదు."

అప్పుడది గోడ దగ్గరకి నడిసింది, గ్లాసు పట్టుకునే. నువ్వు గీసిన బొమ్మల మీద ఒక్కోటీ ఏలు పెట్టి అడిగింది. దువ్వెన? కంచం? దీపం? ఒక్కోదానికీ ఏది నిజం, ఏది తాత కల్పించాడు, విడదీసి సెప్పాను. వలలో సిక్కుముళ్లు తీసినట్టే ఉంది. ఎనిమిదయ్యాయి. గ్లాసు బొమ్మ దగ్గర ఏలు పెట్టి ఏటీ అడగలేదు.

నాను లేచి వంటింట్లోకెల్లాను. గంగాళం, గుండిగ, అన్నం గిన్నె, సెంబు, గరిట పెట్టే డబ్బా, అన్నీ తెచ్చి నడింట్లో పెట్టాను. గుంట ఏటి సేత్తానో పోల్చుకొని కేకేసింది. సెవులు లేని నాకే వినబడింది ఆ కేక. నా సెయ్యి పట్టుకొని ఏలాడింది. "వద్దు తాతా, వద్దు తాతా, నాన్న మునిగిపోతాడు." ఆ సెయ్యితోనే గంగాళం బోర్లించాను.

సూర్యకళా, నీకు నిజం సెప్పాలి. నాను నమ్ముతాను. ఇప్పుడూ నమ్ముతాను. డెబ్బై ఏళ్ల నమ్మకం ఒక ఉత్తరానికి పోదు. ఒక్కో గిన్నె బోర్లిత్తంటే నా కొడుకు నెత్తి మీద నీళ్లు మూసుకుంటన్నట్టే ఉంది. అయినా ఒకటి తరవాత ఒకటి బోర్లించాను. పద్నాలుగు. గుంట లెక్కెట్టింది. మొదట ఏడుత్తా లెక్కెట్టింది, సివర్లో ఉత్తినే లెక్కెట్టింది.

"ఇన్ని బోర్లించాను. నువ్వు ఒక్కటే, అదీ ఒక్కసారే. ఏదైనా అయితే నాదే తప్పు, నీది కాదు" అన్నాను.

అది గ్లాసులో నీళ్లు తాగీసింది. బోర్లించలేదు. నోరు పైకీ పెట్టలేదు. నేల మీద పక్కకి పడుకోబెట్టింది. ఆనక నాలుగు ముద్దలు తింది. సాప పరిసీలోగా నా కాలి మీదే పడి నిద్రపోయింది.

బోటు కబురు లేదు. గిన్నెలు అలగే ఉన్నాయి. వాటి కేసి సూడలేక వీధిలోకొచ్చి రాత్తన్నాను.

ఎనక ఇంకో కాయితం ఉంది. అది నువ్వొక్కదానివే సదువు.

అర్జునరావు

(రెండో కాయితం)

మీ నాన్న ఆ రోజు వద్దన్నాడు. తెప్ప దించబోతే గాలి సూసి, "ఈవేళ వద్దు బావా, కెరటం బాగోలేదు" అన్నాడు. నలుగురూ ఉన్నారు. నాను నవ్వాను. "సీర కట్టుకొని ఇంట్లో కూకో, సేపలు నానే తెచ్చిపెడతాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆడు మాటాడకుండా తెప్పెక్కాడు. మూడో కెరటానికి నాదీ ఆడిదీ రెండు తెప్పలూ తిరగబడ్డాయి. నాను ఒడ్డుకి కొట్టుకొచ్చాను.

మీ ఇంటి దాకా ఎలగ సెప్పాలో తెలీకుండా నడిసాను. కుండ కనపడింది. కుండ మీద అరిత్తే నా మాట ఎవులూ అడగరనిపించింది. అప్పుడు అలగ అనుకోలేదు. ఇప్పుడు రాత్తంటే తెలుత్తన్నాది. ఎవులూ అడగలేదు.

ఆరేళ్ల గుంట అక్కడ నిలబడుందని నాను సూడలేదు.

*

భీమునిపట్నం
ఆగస్టు 29

మావయ్యా,

చిట్టమ్మ మీకు చెప్పే ఉంటుంది. అయినా నా చేత్తో రాస్తున్నాను, మీరు మళ్లీ మళ్లీ చదువుకోవడానికి.

బావ బతికే ఉన్నాడు. బోటులో అందరూ బతికే ఉన్నారు. నిన్న మధ్యాహ్నం పారాదీప్ నుంచి ఎవరిదో ఫోన్‌లో మాట్లాడాడు. గేరుబాక్సు విరిగిపోయి, బ్యాటరీ అయిపోయి, పదకొండు రోజులు కొట్టుకుపోయారట. ఒరిస్సా బోటు వాళ్లు చూసి, తాడేసి మూడు రోజులకి లాక్కొచ్చారట. గొంతు బావదిలా లేదు. "అనూ అన్నం తింటోందా" అని అడిగాడు. తింటోందన్నాను. మీరు నాలుగు ముద్దలని రాసింది పట్టుకుని చెప్పాను.

బోటు రాకముందే మీరు ఆ పని చేశారు. అది నేను మర్చిపోను.

రెండో కాగితం చదివాను. మడిచి నా తలగడ కింద పెట్టాను. దాని గురించి ఏం రాయాలో నాకు తెలియడం లేదు, ఇప్పుడు రాయను కూడా. ఒకటే చెప్తున్నాను. కుండ బోర్లించింది నేనని అమ్మకి నిన్న చెప్పేశాను. అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుంది. మీ కాగితం మాత్రం చూపించలేదు. అది చదివి వినిపించే మాట కాదు. మీరే వచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుని, మీ నోటితో చెప్పాలి. అప్పటిదాకా నేను మీకు ఉత్తరం రాయను.

సూర్యకళ

*

పెదజాలారిపేట
అక్టోబరు 9

అమ్మా సూర్యకళా,

నువ్వు రాయనన్నావు, రాయలేదు. నలభై రోజులయింది. సిట్టమ్మ ఖాళీ తట్టతో వత్తంటే నాను దాని పెదాలు సూడ్డం మానీసాను.

వీరేంద్ర నిన్న మళ్లీ బోటెక్కాడు. కొత్త గేరుబాక్సు. అయినా నాకు నమ్మకం లేదు. నీకు నెల్లు నిండతన్నాయి, ఆలోగా వచ్చీత్తానన్నాడు.

ఆడు పారాదీప్ నుంచి వచ్చిన రోజు గుంట అడిగింది. "తాతా, గిన్నెలు బోర్లించావని నాన్న వచ్చాడా?" అవునంటే అయిపోయీది. ఎంత తేలికో. "కాదే. ఒరిస్సావోళ్లు సూసి తాడేసి లాగారు, అందుకొచ్చాడు" అన్నాను. "మరి వాళ్లు సూడకపోతే?" అంది. ఎత్తుకున్నాను.

ఇప్పుడు నాను ఏటి సెప్పినా, "ఇది నిజం నిజమా, తాత నిజమా?" అంటాది. పేటంతా నన్ను సూసి నవ్వుతన్నారు. నవ్వనీ.

పళ్లు రోజుకి రెండుసార్లే తోముతాది. నాను పక్కన వేపపుల్ల పట్టుకొని నిలబడతాను, నువ్వు రాసినట్టే. బొట్టుబిళ్లలు కాయితానికే అంటిత్తన్నాది, మేకపిల్లకి కూడా ఒకటి. జడ నాను ఎయ్యడం లేదు, సిట్టమ్మ ఎత్తన్నాది. మీ అమ్మకి సెప్పు, నవ్వుకోడానికి.

మీ అమ్మ దగ్గరకి రావాలని నాలుగుసార్లు సొక్కా తొడిగాను. నాలుగుసార్లూ విప్పీసాను. పెద్ద పెద్ద కెరటాలు దాటినోణ్ని, భీమిలి బస్సెక్కలేకపోతన్నాను. దానికి మొగుడు, నాకు బావ. నా నవ్వుకి పోయాడు. ఇన్నేళ్లూ రాఖీ కట్టించుకొని, అది వండిన పులుసు తిన్నాను. అది నన్ను సూసి ఏటంటాదో అని భయం. ఏటీ అనకపోతే ఇంకా భయం. నీ కడుపు సంగతి నువ్వు రాసావు కదా, అలగన్నమాట.

ఈ పొద్దున్న గుంట పాలు తాగి గ్లాసు కడిగి బోర్లించింది. నాన్న సంద్రంలో ఉండగానే. ఎనక్కి తిరిగి సూడలేదు. నాను టీ తాగి నా గ్లాసు కడిగాను. గట్టు మీద పెట్టబోయి ఆగాను. బోర్లించడానికి నాకు ఇప్పటికీ భయమే, రోజూ భయమే. అది సూసి నా మణికట్టు పట్టుకుంది. నా కేసి మొహం ఎత్తి, నాకు కనబడేలాగ పెదాలు విప్పి విప్పి సెప్పింది.

"ఏటీ అవదులే తాతా."

"ఇది నిజం నిజమా?" అన్నాను.

"తెలీదు" అంది. "అయినా బోర్లించు."

బోర్లించాను. ఇద్దరి గ్లాసులూ పక్కపక్కన ఉన్నాయి.

ఆదివారం మొదటి బస్సుకి గుంటని తీసుకొని వత్తన్నాను. సొక్కా ఈసారి విప్పను. మీ అమ్మని గుడికీ సంతకీ ఎల్లొద్దను. ఇంట్లో ఉండమను. నాకు ఎదురుగా కూకోమను, దాని పెదాలు నాకు కనబడాలి.

మీ మావ
అర్జునరావు